మీటరు చెప్పిన లెక్క

ఇది పోయిన ఏడాది సంగతి. తప్పు నాది కాబట్టి ఇన్నాళ్ళూ రాయబుద్ధి కాలేదు. మొన్న పక్క ఊరాయన ఒకరు, తన ట్రాక్టరు డ్రైవరు డీజిలు అమ్ముకుంటున్నాడని నా దగ్గర చెప్పుకుని బాధపడ్డాడు. గంటలకీ డీజిలుకీ పొంతన కుదరడం లేదట. "ముందు మీటరు వైరు ఊడదీసి చూశావా?" అని అడిగాను. చూడలేదన్నాడు. అందుకని రాస్తున్నా. పోస్టు పెద్దది. పాత ట్రాక్టరు ఉన్నవాళ్ళు ఓపిగ్గా చదవండి, రిపేరు సంగతులు పనికొస్తాయి. ట్రాక్టరు లేకపోయినా మనుషులతో పని చేయించుకునేవాళ్ళు చివరిదాకా చదవండి.

మాది నందిగామ దగ్గర మునేరు పక్క ఊరు. 2022లో మమ్మల్ని ఎన్టీఆర్ జిల్లాలో వేశారు గానీ నోటికి ఇప్పటికీ కృష్ణా జిల్లా అనే వస్తుంది. సొంతం నాలుగెకరాలు, కౌలుకి ఇంకో ఏడు. పత్తి, మిర్చి, కొంచెం మొక్కజొన్న. ట్రాక్టరు మా నాన్న 1997లో బ్యాంకు లోను మీద కొన్నది. 35 హార్స్ పవర్ బండి. కంపెనీ పేరు రాయను. రాస్తే అసలు సంగతి పక్కకుపోయి మా బండి గొప్పా మీ బండి గొప్పా అని మొదలవుతుంది. ఇందులో కంపెనీ తప్పు కూడా ఏమీ లేదు.

బండితో పాటు నాన్న ఒక ఎర్ర అట్ట నోటుబుక్కు వదిలిపోయాడు. పని మొదలుపెట్టేముందు మీటరులో గంటలెంత, ఆపాక ఎంత, డీజిలు ఎన్ని లీటర్లు పోశాం, ఇంజను ఆయిలు ఎప్పుడు మార్చాం, అన్నీ ఆయన చేతిరాతతో ఉంటాయి. ఆయన పోయాక ఆ పుస్తకం నేను రాస్తున్నా.

బండి తోలేది మాత్రం మొదట్నుంచీ ఒకాయనే. ఆయన్ని నేను బాబాయ్ అని పిలుస్తా. చుట్టం కాదు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పట్నుంచి ఆ సీటు మీద ఆయన్నే చూశాను, అందుకని నోటికి అట్టా అలవాటైంది. ఆయన నన్ను "అబ్బాయ్" అంటాడు.

కథలోకి పోయేముందు ఆ మీటరు ఎట్టా పనిచేస్తుందో చెప్పాలి. ఇది తెలియకే నేను గడ్డి తిన్నాను.

పాత ట్రాక్టర్లలో ఆర్పీఎం మీటరుకి కరెంటుతో పనిలేదు. బ్యాటరీ తీసేసి బండిని తోసి స్టార్టు చేసినా ముల్లు లేస్తుంది. ఇంజను దగ్గర్నుంచి డాష్‌బోర్డు దాకా ఒక కేబులు వస్తుంది. స్కూటరు స్పీడు మీటరు కేబులు చూశారుగా, అదే రకం. బయట గొట్టం, లోపల మెలి పెట్టిన ఉక్కు తీగ. దీన్నే మెకానిక్కులు ఇన్నర్ వైరు అంటారు. దాని రెండు కొసలూ నలుపలకలుగా ఉంటాయి. కింది కొస ఇంజను దగ్గర నలుపలకల గుంటలో కూర్చుంటుంది, పై కొస మీటరు వెనకాల కూర్చుంటుంది. ఇంజను తిరిగితే తీగ తిరుగుతుంది.

మీటరు లోపల ఆ తీగ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని మీద తగలకుండా చిన్న అల్యూమినియం గిన్నె బోర్లించి ఉంటుంది. ముల్లు ఆ గిన్నెకు బిగించి ఉంటుంది. అయస్కాంతం వేగంగా తిరిగేకొద్దీ గిన్నెను తనతో పాటు లాగుతుంది. వెంట్రుక లాంటి స్ప్రింగు ఒకటి గిన్నెను వెనక్కి గుంజుతుంది. ఈ గుంజులాటలో ముల్లు ఎక్కడ ఆగితే అదే ఆర్పీఎం. బండి వేగం కొలవడానికి ఈ పద్ధతిని 1902లో జర్మనీలో ఒట్టో షుల్జ్ అనే ఆయన పేటెంటు చేశాడు. అది జరిగి నూట ఇరవై ఏళ్ళు దాటింది. మన పాత బండ్లలో ఇప్పటికీ నడుస్తున్నది అదే.

గంటల అంకెలు కూడా ఆ తీగే తిప్పుతుంది, చిన్న పళ్ళచక్రాల ద్వారా. నాకు తెలియని సంగతి ఇక్కడే ఉంది. అది గడియారం కాదు. ఇంజను ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి గంటలుగా చూపిస్తుంది. మా బండిలో ఇంజను 1500 మీద నడిస్తేనే మన గంటా మీటరు గంటా ఒకటి. 750 మీద ఐడిల్లో గంటసేపు ఉంచితే మీటరులో అరగంటే పడుతుంది. తీగ ఆగిందనుకోండి, లేదా జారిందనుకోండి, మనం పొద్దంతా దున్నినా మీటరుకి ఆ సంగతే తెలియదు.

మీటరు మీద 540 అని ఇంకో గుర్తు ఉంటుంది. ముల్లు దాని మీద ఉంటే వెనకాల పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుందని అర్థం. ఏ కంపెనీ ట్రాక్టరుకి ఏ కంపెనీ పనిముట్టు తగిలించినా కుదరాలని అమెరికా వ్యవసాయ ఇంజనీర్ల సంఘం 1927లోనే ఒక ప్రమాణం పెట్టింది. అప్పుడు 536, తర్వాత 540 అయింది. మన రోటవేటరు, స్ప్రేయరు, నూర్పిడి మిషను చాలావరకు ఆ లెక్క మీదే తయారవుతాయి. అంతకు తక్కువ నడిపితే రోటవేటరు పత్తి కట్టెను నరకదు, పీకి పక్కన పడేస్తుంది. ఎక్కువ నడిపితే డీజిలు దండగ, గేరుబాక్సుకి దెబ్బ.

ఇక కథ.

2024 సెప్టెంబరు 1. మా వైపు వాళ్ళకు ఈ తేదీ చెబితే చాలు. అంతకు ముందు ఏడు జులైలో కూడా మునేరు ఐతవరం దగ్గర హైదరాబాదు హైవే మీదకొచ్చి బండ్లన్నీ ఆగిపోయాయి. ఆ ఏడు మా ట్రాక్టరు ఊళ్ళో ఉండబట్టి బతికింది. ఈసారి చేలో రేకుల షెడ్డు కింద ఉంది. రాత్రికి రాత్రి నీళ్ళొచ్చాయి. మేం మూడో రోజున పోయి చూస్తే సీటు దాకా బురద మరక. పత్తి చేను సగం ఒండ్రు కింద పడుకుంది.

బండిని లాక్కొచ్చి మెకానిక్కు చేత ఇంజను ఆయిలు, గేరు ఆయిలు, డీజిలు ట్యాంకు అన్నీ ఖాళీ చేయించాం. ఫిల్టర్లు మార్చాం, పంపూ నాజిళ్ళూ విప్పి శుభ్రం చేయించాం. డైనమో, సెల్ఫు మోటారు ఎండబెట్టించాం. నాలుగో రోజుకి స్టార్టయింది. ఆ పొగ చూసి మా అమ్మ దణ్ణం పెట్టింది. ఇంజను బతికిందన్న సంతోషంలో మీటరు కేబులు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆ సన్న గొట్టంలోకి కూడా బురదనీళ్ళు పోయి ఉంటాయని ఎవరు అనుకుంటారు?

జనవరిలో మిగిలిన పత్తి తీసేసి కట్టె మీద రోటవేటరు మొదలుపెట్టాం. రెండో రోజో మూడో రోజో బాబాయ్ అన్నాడు, "అబ్బాయ్, ముల్లు ఊగుతాంది. ఒకసారి చూపియ్యి."

నేను ఫోనులో మిర్చి రేటు చూసుకుంటున్నా. "కట్టె దున్నడానికి ముల్లుతో పనేముంది బాబాయ్, కానియ్" అన్నాను. ఈ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఫిబ్రవరిలో కౌలు చేలు మొదలయ్యాయి. పొద్దున్నే 20 లీటర్లు పోయించేవాణ్ణి. సాయంత్రానికి ట్యాంకు అడుక్కి వచ్చేది. నోటుబుక్కులో మీటరు గంటలు చూస్తే 3.1, 3.2, ఒకరోజు 2.9. మా బండికి రోటవేటరు మీద గంటకు నాలుగు లీటర్లు పడతాయని నాన్న లెక్క. మూడు గంటలకు పన్నెండు, మహా అయితే పదమూడు. మిగిలిన ఏడు లీటర్లు ఏమైనట్టు?

పొలం కొలతతో పోల్చి చూద్దామంటే అది వరద మేట వేసిన నేల. ఎకరానికి ఎంతసేపు పడుతుందో ఊళ్ళో ఎవరూ చెప్పలేకపోయారు. వారం రోజులు లెక్క రాశాను. ఆరో రోజుకి నా బుర్రలో దొంగ తయారైపోయాడు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. అంతకు ముందు కనపడనివన్నీ కనపడ్డాయి. ఆయన మధ్యాహ్నం చేను గట్టు మీద ఎవరితోనో మాట్లాడటం, ఇంటి దగ్గర ఖాళీ క్యాను, వాళ్ళబ్బాయి కొత్త ఫోను.

రహస్యంగా అడిగినా సరిపోయేది. నేను టీ కొట్టు దగ్గర, నలుగురు కూర్చుని ఉండగా అడిగాను.

"బాబాయ్, ఐదు రోజుల్లో 35 లీటర్లు ఎక్కువ తాగింది బండి. ఎక్కడికి పోతాంది?"

ఆయన నా మొహంకేసి చూశాడు. "నేను తోలింది ఐదు గంటలు. మీ మీటరు మూడు చూపిత్తే నేనేం జేసేది? జనవరిలోనే జెప్పా గదా ముల్లు ఊగుతాందని."

"ముల్లు ఊగితే డీజిలు ఆవిరైపోద్దా?" అన్నాను. పక్కన ఎవరో నవ్వారు.

ఆయన ఇంకేం మాట్లాడలేదు. టీ తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టాడు. సాయంత్రం బండి షెడ్డులో పెట్టి, తాళం మా అమ్మ చేతికిచ్చి పోయాడు. వారం జీతంలో 3,400 రూపాయలు పట్టుకుని మిగిలింది వాళ్ళబ్బాయి చేత పంపించాను. ఆయన నాకు ఫోను చేయలేదు. అది చూసి, తప్పు చేశాడు కాబట్టే అడగలేదనుకున్నాను.

డ్రైవరు లేడు, చేను ఆగదు. నేనే ఎక్కాను. కుర్రప్పుడు తోలినవాణ్ణే, అలవాటు తప్పింది అంతే. నాన్న చెప్పినట్టు ముల్లును 540 గుర్తు మీద పెట్టి రోటవేటరు దించాను. పది నిమిషాలు బాగానే ఉంది. తర్వాత చూస్తే ముల్లు 900 దగ్గర ఉంది. లోడు పడిందేమో అనుకుని హ్యాండ్ యాక్సిలేటరు పెంచాను. కొంచెం లేచి మళ్ళీ పడింది. ఇంకా పెంచాను. ఇంజను అరుస్తోంది, రోటవేటరు ఎగిరెగిరి పడుతోంది, మట్టిగడ్డలు వెనక్కి లేచి వస్తున్నాయి. ముల్లు మాత్రం వెయ్యి దాటడం లేదు.

అప్పుడు పక్క చేలో మిరపకాయలు కోస్తున్న పెద్దమ్మ కేకేసింది, "ఏందయ్యా ఆ మోత, బండిని జంపుతావా ఏంది!"

యాక్సిలేటరు తగ్గించి ఆపాను. చెవులు ఇంకా హోరెత్తుతున్నాయి. నెల రోజులుగా ఈ ముల్లు ఇట్టానే ఆడుతుంటే బాబాయ్ ఏం చూసి నడిపాడు? చెవి. ముల్లు ఏం చెప్పినా ఆయన ఇంజను చప్పుడును బట్టి తోలాడు. కట్టె నున్నగా నలిగి ఉంది ఆయన దున్నినంత మేరా. నేను దున్నిన పది గజాల్లో గుంటలు.

ఆ రోజు నేను కూడా ముల్లు సంగతి వదిలేసి, బాబాయ్ నడిపే చప్పుడు గుర్తు చేసుకుని దాని మీదే నడిపాను. ఫోనులో టైము చూసుకున్నా. సరిగ్గా ఐదు గంటలు. సాయంత్రం మీటరు చూస్తే 3.1. ట్యాంకులో డీజిలు అడుక్కి వచ్చింది. ఆ లెక్కన ఆ రోజు ఏడు లీటర్లు దొంగిలించింది నేనే.

మర్నాడు మెకానిక్కుని పిలిచాను. బానెట్టు కూడా ఎత్తకుండా "మీటరు పోయింది, కొత్తది వేసెయ్" అన్నాడు. విజయవాడ ఆటోనగర్ పోయి కొత్త మీటరు తెచ్చి వేయించాను. తొమ్మిది వందలు. పావుగంట బాగా నడిచింది. తర్వాత కొత్త ముల్లు కూడా పాత ముల్లులాగే జారి 900కి వచ్చింది.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. మీటరు మారినా జబ్బు మారలేదంటే జబ్బు మీటరులో లేదు. ఇంజను బాగానే ఉంది. ఇక ఆ రెండిటి మధ్య ఉన్నది తీగ ఒక్కటే.

ఇక్కడ్నుంచి నేను చేసింది వరసగా రాస్తున్నా. ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు.

మొదట ఇంజను ఆపేసి, మీటరు వెనక కేబులు నట్టు విప్పాను. బయటికి కనపడే తీగ కొసను వేళ్ళతో తిప్పి చూశాను. కింద సరిగ్గా కూర్చుని ఉంటే ఇంజను ఆగి ఉన్నప్పుడు అది తిరగకూడదు, గట్టిగా పట్టుకుని ఉండాలి. మాది కాస్త బిగువుగా ఉండి, తర్వాత టిక్కుమని జారింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ టిక్. ఊరికే గిరగిరా తిరిగితే తీగ తెగిందని గానీ కింద కూర్చోలేదని గానీ అర్థం. టిక్కుమని జారితే కొస అరిగిందని అర్థం.

తర్వాత తీగను పైనుంచి మెల్లగా బయటికి లాగాను. పై సగం పొడిగా ఎర్రగా తుప్పు. కింది సగం మీద పాత గ్రీజూ ఒండ్రూ కలిసి ఎండిపోయి సిమెంటులాగా అయింది. మన జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి, నేను ఇంట్లోనే ఒకటి పెట్టాను. కింది కొస చూస్తే నలుపలకలు పోయి గుండ్రంగా అయింది. ఐడిల్లో తీగ మెల్లగా తిరిగేటప్పుడు ఆ అరిగిన కొస ఎట్టానో పట్టుకునేది. వేగం పెరిగి, గొట్టం వేడెక్కి, బురద పట్టేసేసరికి జారిపోయేది. ముల్లు పడేది, గంటలు తగ్గేవి. ఇంజను మాత్రం తన పని తాను చేసుకుపోయేది.

ఇంజను దగ్గరున్న గుంటలో టార్చి వేసి చూశాను. అది బాగానే ఉంది. అది కూడా అరిగి ఉంటే కొత్త తీగ వేసినా లాభం ఉండదు, కాబట్టి తప్పకుండా చూసుకోండి.

నందిగామలో పాత కొలతకు సరిపోయే కేబులు తెచ్చాను. తీగ పొడుగు పాతదానికి సరిగ్గా సమానంగా ఉండాలి. పొట్టిదైతే కొస పూర్తిగా దిగక మళ్ళీ అరుగుతుంది. పొడుగైతే మీటరును లోపలికి తోసి పాడుచేస్తుంది. గ్రీజు కింది వైపు మూడింట రెండొంతులకు పల్చగా రాశాను. పైభాగానికి రాయకూడదు. తీగ తిరిగేటప్పుడు గ్రీజు పైకి పాకి మీటరులోకి పోతుంది, తర్వాత ముల్లు ఒకచోట అతుక్కుపోతుంది. వరద తర్వాత మళ్ళీ బిగించినప్పుడు కేబులును సైలెన్సరుకి ఆనించి కట్టారు. ఆ వేడికి గ్రీజు ఎండిపోతుంది. దాన్ని దూరంగా జరిపి, ఎక్కడా గట్టి వంపు లేకుండా పెద్ద మలుపుతో కట్టాను. వంపు గట్టిగా ఉంటే ముల్లు వణుకుతుంది.

కొత్త మీటరు తీసేసి నాన్న నాటి పాత మీటరే మళ్ళీ పెట్టాను, అది మంచిదో కాదో తేల్చుకోవాలని. ముల్లు 540 గుర్తు మీదకు లేచి అక్కడే నిలబడింది, కదల్లేదు.

అప్పటికి ముల్లు మాట నమ్మే స్థితిలో నేను లేను. మా అబ్బాయి ఇంటరు చదువుతున్నాడు, వాడొక ఉపాయం చెప్పాడు. రోటవేటరు విప్పేసి, బండి ఆపి ఉన్నప్పుడే పీటీఓ షాఫ్టు మీద తెల్ల పెయింటుతో ఒక గీత పెట్టాం. తర్వాత స్టార్టు చేసి ముల్లును 540 మీద ఉంచి, దూరంగా నిలబడి ఫోనులో స్లో మోషన్ వీడియో తీశాడు. వాడి ఫోను సెకనుకి 240 బొమ్మలు తీస్తుంది. గీత ఒకసారి పైకి వచ్చినప్పట్నుంచి మళ్ళీ పైకి వచ్చేదాకా బొమ్మలు లెక్కపెడితే 27. అంటే సెకనుకి దాదాపు 8.9 చుట్లు, నిమిషానికి 533. ఫోనుతో తీసిన లెక్కకు ఇంతకంటే దగ్గరగా ఏం కావాలి? తర్వాత నందిగామలో మోటార్ల వైండింగు షాపు ఆయన దగ్గర చేతిలో పట్టుకునే డిజిటల్ మీటరు అడిగి తెచ్చి కూడా చూశాం. అదీ అంతే చెప్పింది.

ఇది చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. తిరిగే పీటీఓ షాఫ్టు దగ్గరికి లుంగీతో, తువ్వాలుతో, చీర కొంగుతో పోవద్దు. 540 అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. గుడ్డ చిక్కితే "ఆపు" అనే టైము కూడా ఉండదు. పిల్లల్ని అసలు రానివ్వొద్దు.

లక్షణాన్ని బట్టి ఎక్కడ చూడాలో కూడా చెప్తా. ముల్లూ గంటలూ రెండూ ఆగిపోతే కేబులు తెగింది లేదా ఊడింది. ముల్లు చచ్చిపోయి గంటలు తిరుగుతుంటే కేబులు బాగుంది, మీటరు లోపల గిన్నో స్ప్రింగో పోయింది. ముల్లు బాగుండి గంటలు ఆగితే లోపల పళ్ళచక్రం అరిగింది. ముల్లు వణికితే తీగ ఎండింది లేదా వంపు ఉంది. వేడెక్కాక పడిపోతుంటే కొస జారుతోంది, మాదానిలాగా.

కొత్త ట్రాక్టర్లకూ కొన్ని డీజిలు జీపులకూ ఈ తీగ ఉండదు. కొన్నింటికి ఇంజను దగ్గర సెన్సారు ఉంటుంది, కొన్నింటికి ఆల్టర్నేటరు వెనక డబ్ల్యూ అనే టెర్మినల్ నుంచి ఒక వైరు మీటరుకి వస్తుంది. అట్టాంటి బండిలో ముల్లు ఆడితే ముందు ఎర్తు వైరు, తర్వాత కనెక్షన్ల తుప్పు, తర్వాత బెల్టు బిగువు చూడండి. బెల్టు జారితే ఆల్టర్నేటరు మెల్లగా తిరుగుతుంది, మీటరు తక్కువ చూపిస్తుంది. ఆల్టర్నేటరు మార్చినప్పట్నుంచి ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో తప్పు చూపిస్తుంటే, దాని పుల్లీ సైజో లోపలి పోల్సు లెక్కో పాతదానితో కలవలేదన్నమాట. మీటరు కొనడం అన్నిటికంటే చివరి పని.

ఆ రాత్రి ఎర్ర అట్ట పుస్తకం తీసి లెక్క మళ్ళీ వేశాను. రోజుకి 20 లీటర్లు, గంటకి నాలుగు, ఐదు గంటలు. బాబాయ్ చెప్పిన ఐదు గంటలు. ఒక్క లీటరు తేడా లేదు. ఇంకోటి కూడా బయటపడింది. ఇంజను ఆయిలు 250 గంటలకు మార్చాలి. మీటరు లెక్కలో 190 కూడా కాలేదు కాబట్టి నేను నిమ్మళంగా ఉన్నాను. డీజిలు లెక్కన చూస్తే 300 దాటింది. తెల్లారి ఆయిలు దించితే తారులాగా ఉంది. ఇంకో రెండు నెలలు ఆ మీటరునే నమ్మి ఉంటే ఇంజను పని కూడా చెప్పాల్సి వచ్చేది.

మీటరు మంచిదే, మనిషీ మంచోడే. మధ్యలో తీగ అరిగింది. నేను మాత్రం ముందు మనిషిని విప్పాను.

ఉగాదికి ముందు బాబాయ్ కోసం పోయాను. అప్పటికి ఆయన కంచికచర్ల వైపు ఒకరి దగ్గర బండి తోలుతున్నాడు. ఇంటికి పోయి చెబుదామనుకున్నా. మా అమ్మ ఒప్పుకోలేదు. "అన్నది ఎక్కడో, అక్కడే చెప్పు" అంది. ఆదివారం పొద్దున టీ కొట్టు దగ్గరికి వస్తాడని తెలిసి అక్కడికే పోయాను. ఆ రోజు ఉన్నవాళ్ళలో ముగ్గురు ఉన్నారు. అరిగిన తీగ బల్ల మీద పెట్టాను. "బాబాయ్, తప్పు నాది. నువ్వు తోలింది ఐదు గంటలే. ఇదిగో దొంగ" అన్నాను. 3,400 రూపాయలు పక్కన పెట్టాను. గొంతు సరిగ్గా రాలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయన డబ్బు ముట్టుకోలేదు. ముందు తీగ తీసుకుని కొస కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. బొటనవేలితో రుద్దాడు.

"మీ నాన ప్రతి ఏడూ ఉగాదికి ముందు దీన్ని లాగి, కిరసనాయిల్తో కడిగి గ్రీజు బెట్టేవోడు. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు" అన్నాడు. కాసేపాగి, "వరదయ్యాక నాక్కూడా తట్టలా. తట్టినా నువ్వు వినేవోడివి గాదులే" అన్నాడు.

తర్వాత డబ్బు తీసి లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆయన లెక్కపెట్టడం నాకు బాగా అనిపించింది. అది ఆయన కష్టం, నేనిచ్చే దానం కాదు.

తిరిగి రమ్మని అడిగాను. "మాటిచ్చా అబ్బాయ్ వాళ్ళకి, సీజను మధ్యలో వదిలేసి రాలేను" అన్నాడు. ఇప్పుడు తొలకరి దుక్కులకు, పత్తి కట్టెకు వస్తాడు. మిగతా రోజులు నేనే తోలుతున్నా. ముందులాగా సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పడం మాత్రం తగ్గింది. అడిగినదానికి సమాధానం చెప్తాడు, పోతాడు. ఆ తీగ మార్చడానికి నాకు అరపూట పట్టింది. దీనికి ఎంత పడుతుందో తెలియదు.

ఈ ఏడు ఉగాదికి ముందు నేనే వైరు లాగి కడిగి గ్రీజు పెట్టాను. ఎర్ర అట్ట పుస్తకంలో తేదీ వేసి రాశాను. మీటరు గంటల పక్కన ఇప్పుడు ఇంకో గడి గీశాను, ఫోనులో చూసిన గంటలకు. రెండూ కలవకపోతే ముందు పానా తీయాలని ఆ పేజీ పైన రాసుకున్నా.

మీ బండి మీటరు కేబులు ఆఖరిసారి ఎప్పుడు ఊడదీశారో ఒకసారి గుర్తు చేసుకోండి. గుర్తు లేకపోతే రేపే విప్పండి. మీ డ్రైవరు ఏదైనా చిన్న సంగతి చెప్తుంటే ఫోను పక్కన పెట్టి వినండి. నాకు జనవరిలోనే చెప్పారు.